బావా అనని పాట

మా తమ్ముడు ఆ పాట పట్టుకొచ్చిన నాడు నాకు మొదలు కోపమే వచ్చింది. పెండ్లాం అలిగి ధూళిమిట్టల తల్లిగారింట్లనే ఉండిపోయి ఎండకాలం ఎల్లిపోయింది, వానలు పడ్డయి. పోయి బతిలాడి తీసుకరావాల్సిన మనిషి పాట రాసుకుంట కూసున్నడు. "అక్కా, ట్యూను గూడ మంచిగ కుదిరింది, ఒక్కసారి ఇను" అనుకుంట మెట్లెక్కి వచ్చిండు. ఇనుడు లేదు ఏం లేదు, ముందుగాల ధూళిమిట్ట బస్సెక్కు పో అన్న. ఎక్కలే. చెప్పులిడిసి, సక్కగ వచ్చి కీబోర్డు ముందట కూసున్నడు.

మాది సిద్దిపేటల ఒక ఎరువుల దుకాణం మీద స్టూడియో. కింద యూరియా బస్తాలు, మీద మేము. రెండు గదులు కిరాయికి తీసుకున్నం. పెద్దదాంట్ల పెండ్లి ఆల్బంలు, ఫొటో ఫ్రేములు. చిన్నదాంట్ల రికార్డింగు. ఆ చిన్న గది గోడలకు నల్ల స్పాంజి కొట్టించి, ఒక దిక్కు అద్దం పెట్టించినం. ఎవలన్న పాడుతుంటే ఫ్యాను బంద్ చెయ్యాలె. కింద లారీ దిగుతుంటే ఆగాలె. కూరగాయల ఆటో మైకుల అరుసుకుంట పోయేదాకా మల్ల ఆగాలె. మా ఆయన కెమెరా పట్టుకొని పెండ్లిళ్లకు ఊర్లు తిరుగుతడు, గందుకని రికార్డింగు నేనే నేర్చుకున్న. మొదట్ల ఏ వైరు ఏడ పెట్టాల్నో తెల్వక ఏడిసిన. ఇప్పుడు శ్రుతి జర జారినా నాకు పట్టేస్తది, ఊకోను. పాడెటోళ్లు నా ఎనుక నన్ను ఏమనుకుంటరో నాకు తెల్సు. అనుకోని.

వాళ్లిద్దరి జోడి కుదిరింది గూడ ఆ చిన్న గదిలనే. పిల్ల వాళ్ల నాయిన ఎంబడి ధూళిమిట్ట నుంచి ఒక జానపదం పాడనీకి వచ్చింది. మా కాడ జానపదమంటే అందుల బావ ఉండాల్సిందే. వానకు బావ, ఎండకు బావ, నాటేసినా బావ, కల్లం చేసినా బావ. ఆ పిల్ల మైకు ముందట నిలబడి "బావా" అని ఒక్క మాట తీసింది. అద్దం ఇవుతల నా పక్కన కూసున్న మా తమ్ముడు చాయి గ్లాసు చేతుల పట్టుకొని అట్లనే ఉండిపోయిండు. చాయి సల్లారిపోయింది, వాడు తాగలే. వీడు పోయిండు అని నాకు అప్పుడే సమజైంది.

పెండ్లయినంక గూడ ఆమె వాన్ని బావా అనే పిలిచేది. చుట్టరికం ఏం లేదు, పాటలకెల్లి తెచ్చుకున్న బావనే. అసలు పేరు మాత్రం ఎన్నడూ నోట్లకెల్లి రానియ్యలే. మా దిక్కు ఆడోళ్లు మొగని పేరు చెప్పరు గద. దవాఖానల చీటి రాసేటాయన అడిగినా పక్కన ఉన్నోళ్లను చెప్పమంటరు. చెప్పేది ఒక్కనాడే, పెండ్లై అత్తగారింట్ల అడుగు పెట్టే నాడు. ఆడబిడ్డ గడపకు అడ్డం నిలబడ్తది, ఇద్దరు ఒకల పేరు ఒకలు చెప్తెనే లోపలికి ఇడుస్తది. ఆనాడు అడ్డం నిలబడ్డది నేనే. మా తమ్ముడు పెండ్లాం పేరు టక్కున చెప్పేసిండు, మైకిస్తే ఊరందరికి ఇనపడేటట్టు గూడ చెప్పేటోడు. పిల్ల మాత్రం కొంగు మొఖానికి అడ్డం పెట్టుకొని ఒక్కటే నవ్వుడు. ఎంత సతాయించినా చెప్పలే. కాళ్లు గుంజుతున్నయని పెద్దోళ్లు లొల్లి పెడితే ఇడిసిన. ఇడుసుకుంట, "నాకు బాకీ ఉన్నవ్ పిల్లా, యాది పెట్టుకో" అన్న. మా ఆయన తీసిన వీడియోల ఆ ముచ్చట ఇప్పటికీ ఉన్నది.

ఇద్దరు కలిసి పాడుతుంటే చుట్టుపక్కల ఊర్లన్ని పిలిచేటియి. జాతరలు, పెండ్లిళ్లు, గణపతి మండపాలు. వాడు రాస్తడు, ఇద్దరు పాడ్తరు. వాళ్లదంటూ ఒక పాట ఉండె. పెండ్లి కుదిరిన కొత్తల వాడు ఆమె కోసమని రాసింది. ఏ ప్రోగ్రాం అయినా ఆఖరుకు ఆ పాటే పాడి దిగుతుండె.

ఎండకాలంల పిల్ల వాళ్ల నాయినకు కడుపు ఆపరేషన్ అయింది. ఆమె దవాఖానల ఉన్నది. అదే రోజు మా తమ్మునికి ప్రోగ్రాం. ముందే ఒప్పుకున్నది గనుక పోయిండు, తప్పులేదు. ఆమె జాగల ఇంకో అమ్మాయిని తీసుకపోయిండు, అదీ తప్పులేదు. గాని జనం అడిగిన్రని వాళ్లిద్దరి పాట గూడ ఆ అమ్మాయితోనే పాడిండు. ఎవలో ఫోన్ల లైవ్ పెట్టిన్రు. దవాఖాన వరండాల బెంచీ మీద కూసొని మా మరదలు అది సూసింది. ఏంది బావా ఇట్ల చేసినవ్ అని అడిగితే, జనం అడిగితే నువ్వొచ్చేదాకా ఆపాల్నా అన్నడట. గా ఒక్క మాటకు ఆమె తల్లిగారింటికాడనే ఉండిపోయింది. నాకు ఫోన్ చేసి, పొయ్యేటోడు పోతే పోయిండు గాని ఆ ఒక్క పాటన్న నాకు ఇడిసిపెట్టకపాయె వదినె అని ఏడ్సింది. నేను వాని అక్కను, వాన్ని ఎనకేసుకు రావాలె. ఏమని ఎనకేసుకొస్త?

వాడేమో పోయి బతిలాడడు. తప్పు తెల్సింది, మొఖం చెల్లుతలేదు. ఆమేమో పిలువంది రాదు. నా భయమంత ఒక్కటే. ఇట్లనే ఇంకో నాలుగు నెలలు గడిస్తే పెద్దమనుషులు దిగుతరు, పంచాయితీ కూసుంటది. గట్ల కూసున్నంక ఉన్న మాట లేని మాట బయటికొచ్చి, ఇగ కలిసేది ఉండదు. వాళ్లిద్దరు ఇడిపోతే నేను ఆ చిన్న గదిల మల్ల ఏ పాటన్న నిమ్మలంగ ఇనగలనా?

సరే, పాట ఇన్న. ఇన్నంక నా కోపం సగం దిగింది, ఆ సంగతి వానికి చెప్పలే. డీజే పాట కాదు, మెల్లగ నడిచే పాట. ఎడబాసిన ఆలుమొగలు మల్ల ఒక్కటయ్యే ముచ్చట. మొగడు గడప అవుతల నిలబడి అడుగుతుంటడు:

బూడిద కింద నిప్పున్నది పిల్లా
ఒక్కసారి ఊది సూడరాదే

ఆడామె లోపలికెల్లి జవాబిస్తది:

వాకిట్ల అడుగుల సప్పుడు ఇంటే
గుండె ఉరికొస్తున్నది బావా
నీ మీద కోపం నిలుపుకుందమంటే
కాళ్లు గడప దాటుతున్నయి బావా

ఆడామె చరణం ఎవలు పాడాలె అని అడిగిన. వాడు నేల దిక్కు సూసిండు. అప్పుడు సమజైంది నాకు. పాట పేరు మీద నన్ను రాయబారం పంపుతుండు. నువ్వంటే ఇంటది, నువ్వే అడుగు అక్కా అన్నడు. పెండ్లాంతోని మాట్లాడనీకి స్టూడియో కావాల్నారా నీకు అని తిట్టిన. తిట్టుకుంటనే ఫోన్ తీసిన.

మరదలు ముందుగాల ట్యూను ట్రాక్ పంపుమన్నది. తెల్లారి ఆమెనే ఫోన్ చేసి, పాట తప్పేం చెయ్యలే వదినె, పాడ్త, గాని ఆయన ఉన్నప్పుడు రాను అన్నది. దానికి నాకు పరేషాన్ ఏం కాలే. ఇప్పటి పాటలన్ని అట్లనే తయారైతయి. ఇద్దరు చేతులు పట్టుకొని పాడిన్రని మీరు అనుకునే పాటల మొగాయన సోమారం వచ్చి పాడిపోతడు, ఆడామె బేస్తారం వస్తది. ఒకల మొఖం ఒకలు సూసుకోరు. నేను కంప్యూటర్ల ఆయన గొంతు పక్కన ఆమె గొంతు పెట్టి కలుపుత. అలిగినోళ్లకు గింత అనుకూలమైన పని ఇంకోటి లేదు.

మా తమ్ముడు ముందు పాడిండు. ఎన్నడు లేంది తిట్టించుకోకుండ పాడిండు. తర్వాత మరదలు వాళ్లమ్మను ఎంబడి పెట్టుకొని బస్సుల వచ్చింది. చిక్కిపోయింది పిల్ల. నన్ను సూసి నవ్వింది గాని ఆ నవ్వు మొఖం నిండ లేదు. చిన్న గదిల నిలబడి హెడ్‌ఫోన్ పెట్టుకున్నది. అందుల ఆమెకు ఇనపడేది మా వాని గొంతు. బూడిద కింద నిప్పున్నది పిల్లా అని వాడు అందుకోంగనే కండ్లు మూసుకున్నది. తన వంతు రాంగనే పాడింది, అబ్బ ఎంత మంచిగ పాడిందో. గుండె ఉరికొస్తున్నది అని, ఆ మాట కాడ ఆగిపోయింది.

దమ్ము అందలేదేమో అనుకున్న. మల్ల పాడించిన. మల్ల గాడనే ఆగింది. నీళ్లు తాగిపిచ్చి ఇంకోసారి పెట్టిన. అన్ని మాటలు తేనె లెక్క వస్తున్నయి, బావా కాడికి రాంగనే నోరు మూతపడ్తది. ఇగ హెడ్‌ఫోన్ తీసి చేతుల పట్టుకొని అన్నది: "వదినె, కోపం గాకు. పాటంత పాడ్త. ఆ ఒక్క మాట నాతోని అయితలేదు."

వేరేటోళ్లయితే నేను గదిలకెల్లి బయటికి పంపేదాన్ని. ఆమె మొఖం సూసి ఊకున్న. ఆ మాట లేకుండనే పాడించిన. బావా అని ఉండాల్సిన కాడ ఆమె గొంతు ఆగిపోతది, తాళం నడుస్తుంటది, మల్ల తర్వాతి వరుస ఎత్తుకుంటది. పోయేటప్పుడు వాళ్లమ్మ నా చెయ్యి పట్టుకొని, మీ తమ్ముడు రాడా బిడ్డా అని అడిగింది. వస్తడు అత్తమ్మా అన్న. ఏ ధైర్యంతోని అన్ననో నాకే తెల్వదు.

ఇగ ఆ ఒక్క మాట సంగతి. వేరే ఏ అమ్మాయితోనన్న బావా అని పాడించి అతికిస్త అన్న. మా తమ్ముడు లేచి నిలబడ్డడు. ఆమె జాగల ఇంకో గొంతు పెట్టినవంటే పాటనే తీసేస్త, మల్ల గా తప్పు నాతోని చేపియ్యకు అన్నడు. సరే తియ్యి, నేనే పాడ్త అని హెడ్‌ఫోన్ పెట్టుకొని మైకు ముందట నిలబడ్డ. నోరు తెరిచిన. ఛీ, సొంత తమ్మున్ని పట్టుకొని బావా అని పిలుసుడేంది? నా నోరు నాకే మొద్దుబారింది. మా ఆయన అద్దం అవుతల పొట్ట పట్టుకొని నవ్వుతుండు. వాన్ని మర్చిపో, నన్ను సూసుకుంట అను అని సలహా ఇచ్చిండు. ఆయన్ని సూసుకుంట బావా అన్న. పెండ్లయి ఇన్నేండ్లల్ల ఆయన్ని నేను ఓ, ఇనుండ్రి, ఇగో అని తప్ప ఇంకో తీరు పిలిచింది లేదు. ఆయన నవ్వుడు ఆపి జర సేపు నన్నే సూసిండు. నాకు సిగ్గు, నవ్వు రెండు వచ్చినయి. రికార్డింగు పనికిరాలే. ఆ పూట మా ఆయన మాత్రం అన్నం ఇంకింత పెట్టించుకొని తిన్నడు.

ఆ ఖాళీ జాగల పిల్లనగ్రోవి పెట్టి సూసిన, పాట ఏడుపు పాటయింది. గజ్జెల సప్పుడు పెట్టి సూసిన, పిచ్చిగుంది. ఆఖరుకు ఏం పెట్టలే. డప్పు మీద మెల్లగ ఒక్క దెబ్బ, తర్వాత ఖాళీ. మా ఆయన పసుపు రాసిన గడప, మూసిన తలుపు, పొయ్యిల నిప్పు ఫొటోలు తీసి వీడియో కట్టిండు. మా చానెల్ల ఎక్కించినం.

మొదటి వారం ఎవలు పట్టించుకోలే. ఇన్న నలుగురు గూడ పాటను మెచ్చుకునేది ఇడిసిపెట్టి నాకే ఫోన్లు. పాట ఆగి ఆగి వస్తుందని ఒకాయన. మాట కట్ అయింది, మల్ల మంచిగ ఎక్కించుండ్రి అని ఇంకొకామె. మా మేనత్త అయితే తన ఫోన్ ఖరాబైందనుకొని దుకాణంకు తీసుకపోయి చూపించింది. దుకాణపాయన గూడ పాట ఇని, అవు ఫోనే ఖరాబైంది అన్నడట. నాకు మండింది. నా పని నాకు రాదని ఊరంత అనుకుంటుందని మా తమ్ముని మీద అరిసిన. వాడు అవన్ని ఇంటలేడు. ఆమె ఇన్నదా అక్కా, ఏమన్నది అక్కా, ఇదే గోల. ఆమె ఏమనలే.

మిరుదొడ్డిల ఒక పెండ్లికి మా ఆయన వీడియో తియ్యబోయిండు. తెల్లారి ఇంటికొచ్చి, నీకొకటి సూపిస్త గాని మొదలు కోపం తెచ్చుకోకు అన్నడు. ఆ మాట ఇంటెనే నాకు కోపమొస్తది. బరాత్‌ల డీజే నడిపే పిలగాడు మా పాటను ఉరుకులు పెట్టించి, కింద దన దన కొట్టుడు కలిపి ఏసిండు. మెత్తగ నడిచే పాట, నెలరోజులు కూసొని కలిపిన పాట, దానికి గా గతి పట్టించిండు. ఫోన్ తీసి వాన్ని తిడ్దామని లేచిన. మా ఆయన నా చెయ్యి పట్టి ఆపి, జర సూడు అన్నడు.

బావా ఉండాల్సిన కాడికి రాంగనే డీజే పిలగాడు మొత్తం సప్పుడు ఆపేసిండు. పూల కారుల పెండ్లిపిల్ల తలకాయ వంచుకొని కూసున్నది. ఆ సప్పుడు లేని కాడ ఆడబిడ్డలందరు కారు దిక్కు తిరిగి పేరు చెప్పు, పేరు చెప్పు అని ఎగబడ్డరు. గడప కాడ జరగాల్సింది బజార్ల జరుగుతుంది. పిల్ల చెప్పలే, పాట మల్ల ఎత్తుకున్నది. రెండోసారి ఆగింది. పిల్ల తలకాయ లేపింది. ఆ తర్వాత ఆగినప్పుడు ఆ పిల్ల మొగని పేరు ఎంత గట్టిగ చెప్పిందంటే, కట్టె లెక్క బిగుసుకొని కూసున్న పెండ్లిపిలగాడు కార్లకెల్లి దిగి చిందులేసిండు.

ఆ ముచ్చట ఫోన్లల్ల పడ్డది. ఇగ దాన్ని ఎవలు ఆపుతరు? ఏ పెండ్లిల సూసినా అదే పాట, ఆ ఖాళీ జాగల ఆడోళ్ల గొంతులు. మొగోళ్ల పేర్లు బజార్ల పడ్డయి. మా ఇంటి పక్కన చీరెల దుకాణం నడిపే సావుకారి భార్య, బంగారం పెట్టినా మాట పెగలని మనిషి, వాళ్ల కొడుకు పెండ్లిల ఆ పాట కాడ సావుకారి పేరు చెప్పి, చెప్పినంక రెండు చేతులతోని నోరు మూసుకున్నదట. డీజే పిలగాన్ని నేను తిట్టలే. మా స్టూడియోకు పిలిచి చాయి పోసిన.

బతుకమ్మ వచ్చింది. మా వాడకట్టుల ఆడోళ్లు పాత పాటలన్ని అయినంక స్పీకర్ల మా పాట పెట్టిన్రు, మెల్లగ నడిచే అసలు పాట. చప్పట్లు కొట్టుకుంట తిరుగుడు, ఆ జాగ రాంగనే చేతులు ఆగుడు, ఒకామె మొగని పేరు చెప్పుడు, అందరు నవ్వుడు. వంతు తిరుగుకుంట తిరుగుకుంట ఒక ముసలవ్వ కాడికొచ్చింది. నాకెందుకే ముసలిదాన్ని అన్నది గాని, జాగ రాంగనే నింపాదిగ, ఎవలో చిన్నప్పటి దోస్తును పిలిచినట్టు పిలిచింది. బతుకమ్మ పళ్లెం మోసుకొచ్చిన ముసలాయన గోడ కాడ కూసున్నడు. ఏమే అని పలికిండు. ఇగ ఎవలకు పాట ఇనపడలే, అందరం పడి పడి నవ్వినం. నేను గూడ నా వంతు వచ్చినప్పుడు చెప్పిన. మా ఆయన కెమెరా పట్టుకొని ఆడనే ఉన్నడు, వీడియో మొత్తం ఊగింది.

నవ్వితిమి గాని, నాకు మనసుల గుచ్చుతనే ఉన్నది. ఊర్ల ఆడోళ్లందరితోని మొగని పేరు చెప్పించిన పాట, పాడినామెను మాత్రం ఇంటికి తేలే. వాళ్లమ్మ ఫోన్ చేసి చెప్పింది, ధూళిమిట్టల గూడ పాట పెట్టిన్రట, ఆ జాగల అందరు ఈమె దిక్కే తిరిగిన్రట. ఈమె వంగి బతుకమ్మ పూలు సదురుకున్నదట, తలకాయ లేపలేదట. మా తమ్మునికి ఆ మాట చెప్పాల్నా వద్దా అని ఆలోచించి చెప్పిన. వాడు కీబోర్డు మీద బట్ట కప్పి, సరే అక్కా అన్నడు. అంతే.

గప్పుడే మద్దూరు నుంచి పిలుపొచ్చింది. దసరా పండుగకు పెద్ద స్టేజీ, మా పాటే కావాల్నట. జోడి లేదు, ఒక్కన్నే వస్త అన్నడు మా తమ్ముడు. గదేం పెద్ద మాట, పాడే అమ్మాయిలు మస్తు మంది ఉన్నరు, మేమే మాట్లాడుతం అన్నరు వాళ్లు. అయితే నేను రాను అన్నడు. ఆఖరుకు వాళ్లే దిగొచ్చిన్రు. సౌండ్ సూసుకోనీకి నేను గూడ పోయిన.

జనం నిండ ఉన్నరు. ఆఖరు పాట ఇదే. వాడు తన చరణం పాడిండు. ఆడామె చరణం వచ్చింది. సంగీతం నడుస్తుంది, వాడు మైకు దించేసిండు. పక్కన ఖాళీగ ఇంకో మైకు స్టాండు ఉన్నది, దాని దిక్కు సూసుకుంట నిలబడ్డడు. జనం అయోమయం పడ్డరు. అడుగో, మర్చిపోయిండు అన్నరెవలో. పాడు పాడు అని అరిసిన్రు. అప్పుడు వాడు మైకు లేపి మెల్లగ అన్నడు: "ఇది ఆమె జాగ. ఒకసారి జనం అడిగిన్రని ఇంకొకలకు ఇచ్చిన. మల్ల ఇయ్య. ఆమె వచ్చేదాకా ఇట్లనే ఉంటది."

తర్వాత ముందట కూసున్న ఆడోళ్లు ఎవలో ఎత్తుకున్నరు, వాకిట్ల అడుగుల సప్పుడు ఇంటే అని. ఎనుకోళ్లు అందుకున్నరు. చరణమంత జనమే పాడిన్రు. నేను మిక్సర్ కాడ నిలబడి ఏడుస్తున్న. ఎడమ చేత్తోని కండ్లు తుడుసుకుంటున్న, కుడి చేతుల ఫోన్ పట్టుకున్న. ఫోన్ల లైవ్ నడుస్తుంది. ఎవల కోసం పెట్టిన్నో మీకు చెప్పాల్నా?

తెల్లారి పొద్దున్నే మరదలు ఫోన్ చేసింది. లైవ్ ముచ్చట ఎత్తలే. వదినె, ఇయ్యాల స్టూడియో తెరుస్తరా అని అడిగింది. తెరువం, పండుగ గద అనబోయిన. నాలుక కొరుక్కొని, తెరిచే ఉంటది బిడ్డా, రా అన్న. ఆ ఇడిసిపెట్టిన మాట పాడనీకి వస్తుందేమో అనుకున్న. అంతకు మించి అనుకోనీకి నాకు ధైర్యం లేకుండె. మా తమ్మునికి ఏం చెప్పలే. కింద ఎరువుల దుకాణపాయన ఆటోల తిప్పనీకి ప్రచారం అడుగుతుండె, అది ఇయ్యాల్నే కావాల్నట అని అబద్ధమాడి పిలిపించిన. చిన్న గదిల నిలబెట్టి హెడ్‌ఫోన్ పెట్టిన. వాడు గోడ దిక్కు తిరిగి, రైతు సోదరులారా, నాణ్యమైన విత్తనాలు, మేలైన ఎరువులు అని మొదలుపెట్టిండు.

మెట్ల మీద అడుగుల సప్పుడైంది. వచ్చింది. ఈసారి వాళ్లమ్మ లేదు. పాడనీకి వచ్చేటప్పుడు భుజానికి ఒక చిన్న సంచి ఏసుకొస్తది. ఇయ్యాల చేతుల ఉన్నది బట్టల బ్యాగు. తల్లిగారింటికి తీసుకపోయిన బ్యాగే. నేను దాన్ని సూసుడు ఆమె సూసింది.

పోయి చిన్న గది తలుపు తెరిచిన. లోపల వాడు మా దిక్కు వీపు పెట్టి మేలైన ఎరువులు మల్ల చెప్తుండు, హెడ్‌ఫోన్ల వాని గొంతే మోగుతుంది గనుక మా సప్పుడు వానికి పట్టలే. ఆమె లోపలికి రాబోయింది. నేను తలుపుకు రెండు దిక్కుల చేతులు పెట్టి అడ్డం నిలబడ్డ.

జరుగు వదినె అన్నది.

"జరుగ. నాకు బాకీ ఉన్నవ్. పేరు చెప్పు."

పెండ్లినాడు లెక్క నవ్వుతదనుకున్న. నవ్వలే. కొంగు గూడ అడ్డం పెట్టుకోలే. నా భుజం మీదికెల్లి వాని వీపు దిక్కు సూసుకుంట, పేరు చెప్పింది. వాడు దమ్ము తీసుకోనీకి ఆగిన కాడ, మెల్లగనే చెప్పింది. మా మైకు మంచిది, చీమ నడిచినా పట్టేస్తది. నేను ఎన్నిసార్లు తిట్టినా వాడు హెడ్‌ఫోన్ల సౌండు పెద్దగనే పెట్టుకుంటడు. విత్తనాలు అనబోయి విత్త కాడ ఆగిపోయిండు. తిరగనీకి గూడ చాలాసేపు పట్టింది వానికి.

ఇగ నీ వంతు, నువ్వు గూడ చెప్పాలె అన్న. పెండ్లినాడు ఊరందరికి ఇనపడేటట్టు చెప్పినోడు, ఏ స్టేజీ ఎక్కినా బెదరనోడు, నోరు తెరిచిండు, గొంతు రాలే. పెదవులు కదిలినయి. కండ్లల్లకెల్లి నీళ్లు కారినయి. మల్ల చెయ్యబోయిండు, మల్ల రాలే. ఆమె ఇంకింత సేపు సూసి, బ్యాగు నా చేతుల పెట్టి, నా చెయ్యి కిందికెల్లి వంగి లోపలికి పోయింది. పోయి వాని చెవులకెల్లి హెడ్‌ఫోన్ తీసింది.

"బావా, ముందు ఫ్యాను ఎయ్యి. ఉక్కపోస్తుంది" అన్నది.

వాడు ఫ్యాను ఏసిండు. నేను తలుపు దగ్గరికేసి కంప్యూటర్ ముందట కూలబడ్డ. రికార్డింగు ఎర్ర లైటు ఇంకా ఎలుగుతనే ఉన్నది. బంద్ చేసిన. ఎరువుల దుకాణపాయన ప్రచారం ఆ రోజు కాలే, పండుగ ఎల్లినంక ఇద్దరు కలిసి పాడిచ్చిన్రు.

పాట పూర్తిది ఎప్పుడు పెడ్తరని ఇప్పటికీ అడుగుతుంటరు. ఆమె బావా అన్న మాట నా కాడ ఉన్నది, శ్రుతిల గూడ ఉన్నది, ఎనుక ఫ్యాను సప్పుడు గూడ లేదు. అతికించాల్నంటే చిటికెల పని. నేను అతికియ్యలే. ఆ జాగల ఇప్పుడు ఊరూరి ఆడోళ్ల మొగల పేర్లున్నయి, నడుమ మా వాన్ని ఒక్కన్ని ఇరికించుడు బాగుండదు.